క్రీడారంగ సంజయుడు

చూచినవాడు చూడనివానికి చూచినట్లే చెప్పుట కష్టసాధ్యమైన పని. ఆ పనికి మన భారతమున సంజయుడు ప్రసిద్ధుడు. కురుక్షేత్రమున సంగ్రామము జరుగుచుండగా పుట్టంధుడైన ధృతరాష్ట్రుడు హస్తినాపురమున కూర్చుండి, ఎవరు నిలిచిరి, ఎవరు కూలిరి అని ఆతురతతో అడుగుచుండెను. వ్యాసమహర్షి యనుగ్రహించిన దివ్యదృష్టితో సంజయుడు సమస్తమును కనెను; కన్నది కన్నట్లు చెప్పెను. భీష్ముడు అంపశయ్యపై ఒరిగెనని చెప్పవలసి వచ్చినప్పుడును అతడు మాట దాచలేదు. వినుచున్నవాడు రాజు. ఓడుచున్నవారు రాజకుమారులు. అయినను అతని నోట అసత్యము రాలేదు.

విద్యార్థులారా! ఆటల విషయమున అట్టి పనినే దాదాపు ఏబది సంవత్సరములు చేసిన యొక ఆంగ్లేయుని గూర్చి మీరు ఈ పాఠమున తెలిసికొందురు. ఆయన పేరు హెరాల్డ్ అబ్రహామ్స్. ఆయనకు దివ్యదృష్టి లేదు. చేతిలో స్టాప్‌వాచి, ఎదుట మైక్రోఫోను, తన కాళ్లతో తాను పరుగెత్తి సంపాదించుకొన్న యనుభవము, ఇవియే ఆయన సాధనములు. ఆయన పనిలో ఒక చిక్కు మాత్రము కలదు. ఆయన వర్ణించిన పందెములలో పరుగెత్తినవారు కొందరు ఆయనకు ఆప్తమిత్రులు. మిత్రుడు ముందునకు దూసికొని పోవుచుండగా సాక్షివలె నిబ్బరముగా మాటలాడుట ఎంత కష్టమో ముందు తెలియగలదు.

మొదట ఆ విద్యను గూర్చి నాలుగు మాటలు. బ్రిటనులో ఆటలను రేడియోలో వర్ణించుట మొదలై సుమారు నూరేండ్లైనది. 1927 జనవరి 15వ తేదీన లండను సమీపమున ట్వికెన్‌హామ్ మైదానమున ఇంగ్లండు, వేల్సు జట్లు రగ్బీ ఆడినవి. ఆ యాటను జరుగుచుండగనే వర్ణించి బి.బి.సి. వారు ప్రసారము చేసిరి. వర్ణించినవాడు వేక్‌లామ్ అను మాజీ ఆటగాడు. వినువారెవరో కంటికి కనబడనప్పుడు మాటలు తడబడునేమో యని నిర్వాహకులు ఒక యుపాయము పన్నిరి. చూపులేని యొక వ్యక్తిని పిలిపించి వేక్‌లామ్ సమీపమున కూర్చుండబెట్టి, ఆతనికి తెలియునట్లు చెప్పినచో చాలునని తెలిపిరి. ఆ నిర్వాహకులు మన భారతము చదివియుండరు. ధృతరాష్ట్రుని మాత్రము సరిగా వెదకి తెచ్చిరి.

మరు వారము ఫుట్‌బాల్ ఆట వచ్చెను. దానికై రేడియో పత్రికలో మైదానపు పటమును గడులుగా విభజించి అచ్చువేసిరి. బంతి ఏ గడిలో నున్నదో ఒకడు సంఖ్య పలుకుచుండగా, ఇంటిలోని శ్రోతలు పటముపై వ్రేలు కదుపుచు ఆటను వెంబడించిరి.

మీకిప్పుడు టెలివిజన్ కలదు. అరచేతిలో ఫోను కలదు. ఒకే గోలును పదిమారులు తిప్పి తిప్పి చూడగలరు. మేము చదువుకొను దినములలో పంచాయతి కార్యాలయపు రేడియో చుట్టును ఊరు మూగెడిది. 1975 మార్చి 15వ తేదీన కౌలాలంపూరులో మన హాకీ జట్టు పాకిస్తానును 2-1 గోల్సుతో ఓడించి ప్రపంచకప్పు గెలుచుకొన్నది. ఆనాడు జస్‌దేవ్ సింగ్ హిందీలో చేసిన వ్యాఖ్యానమును దేశము నలుమూలల వినిరి. మా యూర హిందీ వచ్చినవారు ఇద్దరో ముగ్గురో యుందురు. అయినను ఆయన కంఠము హెచ్చినప్పుడు అరుగుపై కూర్చున్న ముసలివారు సైతము లేచి నిలిచిరి. కంఠమునకు అట్టి శక్తి కలదు. ఇక అబ్రహామ్స్ కథకు వత్తము.

హెరాల్డ్ అబ్రహామ్స్ 1899 డిసెంబరు 15వ తేదీన ఇంగ్లండులోని బెడ్‌ఫర్డు పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండిన ప్రాంతము నుండి వలసవచ్చిన యూదుడు. అన్నలు ప్రతిభావంతులు. సిడ్నీ యను నాతడు లాంగ్ జంప్ పోటీకై ఒలింపిక్ క్రీడలకు వెళ్లినవాడు; న్యాయవాదియై, పిమ్మట మన పొరుగున నున్న సింహళమునకు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. అడాల్ఫ్ పేరుపడిన వైద్యుడు. కడగొట్టువాడైన హెరాల్డు, అన్నలను మించవలెనని చిన్ననాటనే పట్టుపట్టెను. ఆ పట్టుదలకు మరియొక కారణమును కలదు. తాను యూదుడగుటచే పాఠశాలలోను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునను కొందరు తన్ను పరాయివానిగా చూచుచున్నారని ఆయన మనసున నొచ్చుకొనెను. పరుగుబాటపై ఆ బాధ లేదు. గడియారమునకు కులమతముల ఊసు తెలియదు గదా!

1920లో ఆంట్‌వెర్ప్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆయన 100 మీటర్ల పందెమున పాల్గొని, క్వార్టర్ ఫైనలు దాటలేక వెనుదిరిగెను. అప్పటికి ఆయనకు వేగము కలదు, విద్య లేదు. ఆ విద్యను నేర్పినవాడు సామ్ ముస్సబీని.

ముస్సబీని జీతము పుచ్చుకొని పరుగు నేర్పు శిక్షకుడు. నేడు అది గౌరవప్రదమైన వృత్తి. ఆ దినములలో డబ్బు ముట్టక ఆడువాడే పెద్దమనిషి యనియు, డబ్బు తీసికొని నేర్పువాడు కూలివాడనియు క్రీడాసంఘముల పెద్దలు తలచెడివారు. అబ్రహామ్స్ ఆ యభిప్రాయమును లెక్కచేయలేదు. గురువు ఆయన అడుగును పరీక్షించి, అంగ మరీ సాగుచున్నదని గ్రహించెను. బాటపై కాగితపు ముక్కలను కొలత ప్రకారము పరచి, పరుగెత్తుచు వానిని బూటు మేకులతో గ్రుచ్చి తీయుమనెను. అంగ కొంచెము తగ్గెను, పరుగు హెచ్చెను. చేతుల యూపును, పిస్తోలు మ్రోగినంతనే వేయవలసిన తొలి యడుగులను నెలల తరబడి సాధన చేయించెను. సహజముగా వచ్చిన వేగమును కొలతలో పెట్టుట ఎట్లో అబ్రహామ్స్ అక్కడ నేర్చుకొనెను. ఆ కొలతల మోజు ఆయనను జీవితాంతము వదలలేదు.

ఈ సందర్భమున ఒక తమాషా జరిగెను. 1924లో పారిస్ క్రీడలకు జట్టును ఎన్నుకొన్న పెద్దలు ఆయనను పరుగులతో పాటు లాంగ్ జంప్ పోటీలో కూడ చేర్చిరి. ఆ యేటనే ఆయన 24 అడుగుల 2½ అంగుళములు దూకి, ముప్పది యేండ్లకు పైగా నిలిచిన ఇంగ్లీషు రికార్డును స్థాపించియుండెను. కాని పారిస్‌లో ఆయన మనసంతయు 100 మీటర్ల మీదనే కలదు. అన్నింటిలో పాల్గొన్నచో కాళ్లు అలసిపోవును. పెద్దలతో వాదించుట వృథా యని తలచి ఆయన ఒక దినపత్రికకు పేరు లేని ఉత్తరము వ్రాసెను. అబ్రహామ్స్‌ను లాంగ్ జంప్‌లో నిలుపుట తెలివితక్కువ పని యని అందు విమర్శించి, క్రింద 'ప్రసిద్ధ అంతర్జాతీయ క్రీడాకారుడు' అని సంతకము చేసెను! ఆ ఉత్తరము అచ్చయ్యెను. లాంగ్ జంప్ బాధ్యత తప్పెను. ఇట్టి ఉపాయములు మీరును పన్నుడని నేను చెప్పను.

పారిస్ పందెమును గూర్చి వినుడు. అప్పటికి పరుగు మొదలిడునప్పుడు పాదములు ఆనించుటకు నేటివంటి చెక్కదిమ్మెలు లేవు. ఎవరికి వారే చిన్న తాపీతో బాటపై గుంటలు త్రవ్వుకొని, అందు వ్రేళ్లు మోపి వంగవలెను. అమెరికావారు నలుగురు ఆరితేరినవారు. అందు పాడక్ అను నాతడు క్రిందటి ఒలింపిక్ విజేత. షోల్జ్ అతనికి తీసిపోనివాడు. జూలై 7వ తేదీన సెమీఫైనలులో అబ్రహామ్స్ మొదటనే వెనుకబడెను. మూడడుగుల వెనుక నుండి ఒక్కొక్కరిని దాటుచు వచ్చి, కడపట వెంట్రుకవాసిలో గెలిచెను. ఆ తరువాత ఫైనలు వరకు గడపవలసిన గంటలు ఆయనకు యుగములైనవి.

గురువు మైదానమున లేడు. జీతపు శిక్షకుడగుటచే ఆయనను బ్రిటిషు జట్టుతో లోనికి రానీయలేదు. పిస్తోలు చప్పుడు, గమ్యమున కట్టిన దారము, ఈ రెంటిని మాత్రమే తలపుమని ఆయన శిష్యునకు బోధించియుండెను. సాయంకాలము 7 గంటలకు పిస్తోలు మ్రోగెను. సగము దూరము దాటునప్పటికి అబ్రహామ్స్ ముందుండెను. గమ్యమున దేహమును ముందునకు వాల్చి దారమును తాకెను. కాలము 10.6 సెకండ్లు. షోల్జ్ రెండవవాడు. న్యూజీలండు దేశమునకు చెందిన ఆర్థర్ పోరిట్ మూడవవాడు. ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల పందెమును గెలిచిన మొదటి యూరపు ఖండవాసి అబ్రహామ్సే.

మైదానము చెంతనున్న హోటలు గదిలో కూర్చున్న ముస్సబీనికి ఫలితమెట్లు తెలిసెనో ఊహింపుడు. కిటికీలో నుండి చూచుచుండగా ధ్వజస్తంభముపై బ్రిటిషు పతాకము మెల్లగా పైకి లేచెను. ఆ వృద్ధుడు పట్టరాని సంతోషముతో తన గడ్డిటోపిని పిడికిలితో గ్రుద్ది చిల్లు చేసెనని చెప్పుదురు. శిష్యుని పరుగును చూడలేక, జెండాను మాత్రము చూచిన గురువు! నాటి నియమముల యందలి అన్యాయము నాకు దీనియందు కనబడినంత స్పష్టముగా మరెక్కడను కనబడలేదు. విజేతను పీఠముపై నిలిపి పతకము వేయు వేడుక కూడ ఆనాడు లేదు. అబ్రహామ్స్‌కు బంగారు పతకము తరువాత టపాలో వచ్చెను.

మరు సంవత్సరము మే నెలలో లాంగ్ జంప్ దూకుచు ఆయన కాలు విరుగగొట్టుకొనెను. వయస్సు 25 ఏండ్లు. పరుగు ముగిసెను. ఇట్టి దెబ్బ తగిలినవారు కొందరు ఆ మైదానపు ముఖము మరల చూడరు. అబ్రహామ్స్ మాత్రము మైదానమును విడువలేదు, చోటు మార్చుకొనెను. వార్తాపత్రికలకు పరుగులను గూర్చి వ్రాసెను. బి.బి.సి. రేడియోలో వర్ణించెను. ఒక్కొక్క చుట్టు ఎన్ని సెకండ్లు పట్టెనో, పందెము మధ్యలో ఎవరి వేగమెంతయో లెక్కగట్టి పట్టికలు తయారుచేయుట ఆయనకు ప్రీతి. బాగుగా పరుగెత్తెను అను మాట ఆయనకు చాలదు. ఎంత బాగుగా పరుగెత్తెనో కావలెను.

ఆ కొలబద్దను ఆయన తన మీద కూడ ఉపయోగించుకొనెను. దానికి ఎరిక్ లిడ్డెల్ కథయే సాక్ష్యము.

లిడ్డెల్ స్కాట్లండు దేశీయుడు. చైనాలోని తియాన్‌జిన్ నగరమున క్రైస్తవ మతప్రచారకులకు జన్మించినవాడు. అతని పరుగు చూపులకు ఇంపుగా నుండదు. తల వెనుకకు వాలును. చేతులు గాలిమరవలె తిరుగును. కాని వేగము అసాధారణము. 100 మీటర్లలో బ్రిటనుకు అబ్రహామ్స్‌తో సమానమైన యాశ అతడే. పారిస్ క్రీడల కార్యక్రమము ప్రకటింపబడినప్పుడు 100 మీటర్ల తొలి పందెములు జూలై 6వ తేదీన, ఆదివారమున, జరుగునని తెలిసెను. ఆదివారము దైవప్రార్థనకు కేటాయింపబడిన దినమనియు, ఆనాడు తాను పరుగెత్తననియు లిడ్డెల్ నిశ్చయించుకొనెను. ఎవరెంత చెప్పినను వినలేదు. 400 మీటర్లకు సాధన చేసి, జూలై 11వ తేదీన దానిని 47.6 సెకండ్లలో గెలిచెను.

అబ్రహామ్స్ లిడ్డెల్‌తో 100 మీటర్ల ఫైనలులో ఎన్నడును తలపడలేదు. పారిస్‌లో 200 మీటర్ల ఫైనలున మాత్రము ఇరువురును కలిసి పరుగెత్తిరి. అందు లిడ్డెల్ మూడవవాడు. అబ్రహామ్స్ ఆరవవాడు, అనగా కడపటివాడు. ఈ లెక్క తెలిసిన అబ్రహామ్స్, లిడ్డెల్ మతవిశ్వాసము వలననే కాబోలు తనకు బంగారు పతకము దక్కినదని, అతడు కూడ పరుగెత్తియున్నచో ఏమయ్యెడిదో యని తరువాతి కాలమున బహిరంగముగనే పేర్కొనెను. ఎవరును అడుగని ప్రశ్నను తానే వేసికొని, తన కిరీటములోని రాయిని తానే గీచి చూచుకొనుట అందరికిని సాధ్యము కాదు. ఆయన చెప్పిన ఇతరుల జ్ఞాపకములను నేను నమ్ముటకు ఇదియే ముఖ్యకారణము.

లిడ్డెల్ 1925లో చైనాకు వెళ్లి ఉపాధ్యాయుడుగను, ప్రచారకుడుగను జీవించెను. రెండవ ప్రపంచయుద్ధమున జపానువారు అతనిని నిర్బంధ శిబిరమున ఉంచిరి. అక్కడి పిల్లలకు చదువు చెప్పెను, ఆటలు నేర్పెను. ఆదివారము పెద్దలు లేనప్పుడు పిల్లలు ఆటలో కొట్లాడుకొనుచున్నారని తెలిసి, ఒలింపిక్ పతకమునకై సడలింపని నియమమును ఆ పిల్లలకై సడలించి, తానే వచ్చి నిర్ణేతగా నిలిచెను. 1945 ఫిబ్రవరి 21వ తేదీన, శిబిరమునకు విముక్తి కలుగుటకు కొన్ని నెలల ముందు, మెదడులోని వ్రణముచే అక్కడనే మరణించెను.

ఇప్పుడు అబ్రహామ్స్ కంఠము చిరస్థాయిగా నిలిచిన దినమును గూర్చి చెప్పవలెను. అది 1936 ఆగస్టు 6. స్థలము బెర్లిన్ నగరము.

హిట్లరు పాలనలో నున్న జర్మనీ అది. క్రిందటి యేడు చేసిన శాసనములతో యూదులకు పౌరసత్వము తీసివేయబడెను. గ్రెటెల్ బెర్గ్‌మాన్ అను యూదు యువతి హై జంప్‌లో 1.60 మీటర్లు దూకి జర్మనీ రికార్డును అందుకొన్నను, ఆమెను జట్టు నుండి తొలగించిరి. ఇట్టి దేశమునకు క్రీడలకై పోవచ్చునా యని బ్రిటనులో వాదోపవాదములు జరిగినవి. అబ్రహామ్స్ తాను యూదుడై యుండియు, వెళ్లుటయే మేలని వాదించెను. దూరముగా నుండి వెలివేసినచో జర్మనీలోని వారికి మేలు కలుగదని ఆయన తలంపు. ఆ తీర్పు సరియైనదని నాకు తోచదు. కాని ఆయన అట్లు నమ్మెను. నమ్మి, వ్యాఖ్యాతగా ఆ మైదానమున మైక్రోఫోను ముందు కూర్చుండెను. ఆ వారముననే జెస్సీ ఓవెన్స్ అను నల్లజాతి అమెరికను యువకుడు నాలుగు బంగారు పతకములు గెలిచి, జాతుల హెచ్చుతగ్గులను గూర్చిన హిట్లరు మాటలకు కాళ్లతో బదులు చెప్పెను.

ఆగస్టు 6వ తేదీ పందెము 1500 మీటర్లది. ఫైనలులో పన్నెండుగురు నిలిచిరి. అమెరికావాడు కన్నింగ్‌హామ్ చిన్ననాట పాఠశాలలో జరిగిన యగ్నిప్రమాదమున కాళ్లు కాలి, నడువలేడని వైద్యులు చెప్పినను లేచి పరుగెత్తినవాడు. ఇటలీ దేశీయుడు బెక్కాలి క్రిందటి ఒలింపిక్ విజేత. న్యూజీలండునకు చెందిన జాక్ లవ్‌లాక్ లండనులో వైద్యవిద్య చదువుచుండెను. నల్లని దుస్తులు ధరించిన సన్నని దేహము. ఎత్తును అంతంత మాత్రమే. తన సాధనను, తన పందెములను దినచర్య గ్రంథములో శ్రద్ధగా వ్రాసికొనువాడు. అతడు అబ్రహామ్స్‌కు మిత్రుడు.

అప్పటి పరుగువీరులు కడపటి నూరు, నూటయేబది మీటర్లలో వేగము హెచ్చించుట వాడుక. లవ్‌లాక్ ఇంకను 300 మీటర్లు మిగిలియుండగనే బాణమువలె వెడలెను. ఎదురుచూడని ఆ యెత్తుతో వెనుకనున్నవారు ఒక్క క్షణము తబ్బిబ్బైరి. ఆ క్షణముననే అతడు మూడు గజములు గడించెను. కన్నింగ్‌హామ్ వెంటబడెను.

అబ్రహామ్స్ అంతవరకు లెక్క తప్పక చెప్పుచుండెను. ఎవరు ముందు, ఎవరు వెనుక, చుట్టు కాలమెంత. లవ్‌లాక్ ముందునకు రాగానే ఆయన కంఠము మారెను. అతని యింటిపేరు పోయి, 'జాక్, జాక్' అను పేరు వచ్చెను. రమ్ము, జాక్, రమ్ము అని మైక్రోఫోనులో కేకలు వేయసాగెను. దేవుని పేరెత్తి, సాధించెనని యరచెను. కడపట చిన్నపిల్లవానివలె 'హుర్రే' యని గంతులు వేసినంత పని చేసెను. ఆ ధ్వనిముద్రిక నేటికిని కలదు. మీరు వినవచ్చును.

నిష్పక్షపాతముగా చెప్పవలసిన సాక్షి యిట్లు చేయవచ్చునా యని మీకు సందేహము కలుగవచ్చును. నేను ఆ ముద్రికను పలుమారులు వింటిని. విన్నకొలది నాకు ఆశ్చర్యము కలిగించినది కేక కాదు. ఆ కేకల నడుమను ఆయన కన్నింగ్‌హామ్ రెండవవాడని చెప్పెను. బెక్కాలి మూడవవాడని చెప్పెను. ఇంకను నూరు గజములు మిగిలినవని చెప్పెను. మిత్రుడు గమ్యమును దాటుచుండగా గొంతు బొంగురుపోయినను, ఐదు గజములు, ఆరు గజములు అని దూరమును లెక్కపెట్టుట మానలేదు. హృదయము మిత్రునితో పరుగెత్తినది. కన్ను మాత్రము తన కొలువును విడువలేదు. ఒక్క మాటయు అబద్ధము లేదు. ఓడినవారి పేర్లు మరువబడలేదు.

లవ్‌లాక్ కాలము 3 నిమిషముల 47.8 సెకండ్లు. అది ప్రపంచ రికార్డు. పాత రికార్డు 3 నిమిషముల 48.8 సెకండ్లు. కన్నింగ్‌హామ్ 3 నిమిషముల 48.4 సెకండ్లలో వచ్చెను. అనగా ఓడినవాడును పాత ప్రపంచ రికార్డును దాటెను! మొదటి ఐదుగురును పాత ఒలింపిక్ రికార్డును మించిరి. ఇట్టి పందెమును చూచి కేక వేయనివాడు రాయియై యుండవలెను.

బెర్లిన్ విజేతలకు పతకముతో పాటు ఒక్కొక్క ఓకు మొక్కను బహూకరించిరి. లవ్‌లాక్ మొక్క సముద్రములు దాటి, అతడు చదువుకొన్న టిమారు పట్టణపు బాలుర ఉన్నత పాఠశాల ఆవరణమున నాటబడి మహావృక్షమయ్యెను. లవ్‌లాక్ మాత్రము దీర్ఘాయువు కాలేదు. గుఱ్ఱముపై నుండి పడి తలకు దెబ్బ తగిలినది మొదలు అతనికి తల తిరుగుట, చూపు మసకబారుట కలిగినవి. న్యూయార్కులో వైద్యుడుగ నుండి, 1949 డిసెంబరు 28వ తేదీన భూగర్భ రైలుస్టేషనులో పట్టాలపై పడి మరణించెను. వయస్సు నలుబది నిండలేదు.

ఆ తరువాత ఐదేండ్లకు అబ్రహామ్స్ మరియొక గొప్ప దినమును చూచెను. 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డులోని ఇఫ్లీ రోడ్డు మైదానమున రోజర్ బానిస్టర్ మైలు దూరమును నాలుగు నిమిషములలోపల పరుగెత్తుటకు పూనుకొనెను. బానిస్టరును వైద్య విద్యార్థియే. లవ్‌లాక్ చదివిన సెయింట్ మేరీ ఆసుపత్రి విద్యాలయముననే చదువుచుండెను. ఆ దినమంతయు గాలి వీచెను. పందెము వేళకు కొంత తగ్గెను. బ్రాషర్, చాటవే అను మిత్రులు వంతులవారీగా ముందు పరుగెత్తి వేగమును నిలిపిరి. కడపటి చుట్టులో బానిస్టర్ ఒంటరిగా ముందునకు దూకెను. రేడియోలో ఆ పందెమును శ్రోతలకు వర్ణించిన కంఠము అబ్రహామ్స్‌దే. మైదానమున ఫలితమును ప్రకటించినవాడు 'మూడు' అను మాట పలుకగనే జనుల హర్షధ్వానములో మిగిలిన యంకెలు వినబడలేదు. 3 నిమిషముల 59.4 సెకండ్లు. ఆ రికార్డు 46 దినములే నిలిచినది. ఆస్ట్రేలియా దేశీయుడు జాన్ లాండీ దానిని దాటెను. మొదటివాడను కీర్తి మాత్రము బానిస్టరునదే.

అబ్రహామ్స్ 1978 జనవరి 14వ తేదీన మరణించెను. పిమ్మట 1981లో ఆయన కథను, లిడ్డెల్ కథను కలిపి 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అను చలనచిత్రము తీసిరి. దానికి ఉత్తమ చిత్రముగా ఆస్కారు బహుమానము లభించెను. చిత్రము మనోహరమే. కాని అందు కొన్ని మార్పులు కలవు. కళాశాల ప్రాంగణమున గడియారము పన్నెండు గంటలు కొట్టునంతలో అబ్రహామ్స్ చుట్టు తిరిగివచ్చినట్లు చూపిరి. ఆ పరుగును ఆయన ఎన్నడును ప్రయత్నింపలేదు. 1927లో దానిని సాధించినవాడు బర్లీ ప్రభువు. ఆదివారపు పందెముల సంగతి లిడ్డెల్‌కు పారిస్ పోవు ఓడపై తెలిసినట్లు చూపిరి. నిజమునకు అతనికి కొన్ని నెలల ముందే తెలియును. కథకు రసము కావలెను, ఒప్పుకొందును. ఉన్న నిజమే ఇంత రసవంతముగా నుండగా మరల రసము పోయవలసిన యవసరమేమో నాకు తెలియదు. లిడ్డెల్ ఆ నెలలన్నియు ఊరివారి నిష్ఠూరములు వినుచు తన మాటపై నిలిచియుండుట, ఓడపై ఒక్కనాడు నిశ్చయించుకొనుట కంటె గొప్పది కాదా?

ఆ చిత్రమున పారిస్ పందెమున మూడవవాడుగా వచ్చినవాని పేరు టామ్ వాట్సన్. అట్టివాడు లేడు. నిజముగా మూడవవాడైన ఆర్థర్ పోరిట్ వినయశీలి. తన పేరు వాడవలదని కోరగా ఆ కల్పితనామము పెట్టిరి. పోరిట్ గొప్ప శస్త్రవైద్యుడై, రాజకుటుంబమునకు వైద్యము చేసి, 1967 మొదలు 1972 వరకు న్యూజీలండునకు గవర్నరు జనరలుగా నుండెను. అబ్రహామ్స్‌కును ఆయనకును జీవితాంతము స్నేహము సాగెను. పందెము జరిగినది జూలై 7వ తేదీ సాయంకాలము 7 గంటలకు గదా! ఏటా ఆ దినమున, ఆ వేళకు, మొదటివాడును మూడవవాడును భార్యలతో కలిసి ఒక్కచోట భోజనమునకు కూర్చుండుట ఆచారముగ పెట్టుకొనిరి. అబ్రహామ్స్ మరణించునంత వరకు ఆ విందు జరుగుచునే యుండెను.